బూడిదలో దొరికిన ప్లేటు

మూడో నాటి ఉదయం, గోదావరి ఒడ్డు శ్మశానంలో, మొగుడు చిట్టియ్య చితి మీద పాలు చల్లి అప్పాయమ్మ ఎముకలు ఏరుతోంది. ఏరడానికి కొడుకులు లేరు, అన్నదమ్ములు లేరు. "ఆడదానివి, నువ్వెందుకమ్మా?" అని పంతులుగారు అడ్డం చెప్పబోతే, "ఎనిమిది నెలలు ఆయన్ని ఎత్తి దింపిన చేతులండీ ఇవి. ఎముకలు ఏరడానికి పనికిరావా?" అంది. ఆయన కుండ ఆమె ముందుకి జరిపారు.

పుర్రె ముక్క, వెన్నుపూసలు, మోకాలి చిప్ప ఒక్కొక్కటే కుండలో పడ్డాయి. తొడ ఉండాల్సిన చోట బూడిదలో వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. పైకి తీసి చూస్తే విరిగిన ఎముకకి వేసిన జానెడు పొడుగు స్టీలు ప్లేటు. ఎనిమిది బెజ్జాలున్నాయి. నాలుగో బెజ్జం దగ్గర రెండు ముక్కలై ఉంది.

శ్మశానం కాపలా చూసే ముసలి పాపాయి కర్రకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "అదొగ్గెయ్యమ్మా. అది ఎముక కాదు, గోదారిలో కలిపేది కాదు. ఇలాంటివి శానా వస్తంటాయి. డబ్బాలో పడేస్తాను, ఏడాదికోసారి పాత సామాన్లవాడు అట్టుకుపోతాడు."

అప్పాయమ్మ ఒగ్గెయ్యలేదు. పదిహేనేళ్ళుగా ఆమె జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఊళ్ళలో గంప నెత్తిన పెట్టుకుని పాత చీరలకి స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి. ఏ ఇంటి అరుగు మీద గంప దించినా ఇల్లాలు ముందడిగే మాట ఒక్కటే, "అంటుకుంటుందేమో చూపించు" అని. మంచి స్టీలు అయస్కాంతానికి అంటుకోదు. అందుకని పాడైన రేడియోలోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఆమె రొండిన ఉంటుంది. ఇప్పుడెందుకు తీసిందో ఆమెకే తెలియదు. చేతుల అలవాటు. తీసి ప్లేటు దగ్గర పెట్టింది.

టక్కుమని అంటుకుంది.

అప్పాయమ్మ దాన్ని ఊడబెరికి మళ్ళీ పెట్టింది. మళ్ళీ టక్కుమంది. పక్కనే పంతులుగారు మంత్రం చదువుతున్నారు. ఆమెకి ఒక్క ముక్క వినపడలేదు.

చిట్టియ్య పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పనివాడు. ఆకు కట్టిన కర్రల్ని పై వాసాల మీదికి అందిస్తూ, కాలు జారి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. జీపులో రాజమండ్రి తీసుకొచ్చి, భాస్కరం డాక్టరుగారి ఎముకల ఆసుపత్రిలో ఆపరేషను చేయించారు. ప్లేటు వేశారు, కుట్లు మానాయి, ఇంటికి తీసుకెళ్ళింది. రెండు నెలలకి తొడ బరువెక్కింది. తర్వాత చీము పట్టింది. ఆరో నెలలో ఎక్స్‌రే తీస్తే లోపల ప్లేటు విరిగిపోయి కనపడింది. అప్పటికే ఒళ్ళంతా విషం పాకింది. మళ్ళీ కోసి తీయడానికి మనిషిలో సత్తువ లేదన్నారు. ఎనిమిదో నెలలో రాజమండ్రిలోనే ప్రాణం పోయింది.

ఆ ఎక్స్‌రే చూసిన రోజున భాస్కరంగారు, "చెప్పాను కదమ్మా నడవొద్దని. తొందరపడి నడిచేసుంటాడు" అన్నారు. ఆ పక్కనే ప్లేట్లు సరఫరా చేసే మణిశంకర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతికి ఉంగరాలు. "ఎక్కడో బరువు మోసుంటాడు సార్. వీళ్ళకి చెబితే వింటారా?" అన్నాడు నవ్వుతూ.

చిట్టియ్య ఆ మాట నమ్మాడు. అదీ అప్పాయమ్మ కడుపులో దిగిన ముల్లు. "ఆ రోజు నిన్ను లేపకుండా దొడ్లోకి పోయానే. నాలుగంటే నాలుగడుగులు. అందుకే విరిగిందంటావా? నా చేతులారా నేనే చెడగొట్టుకున్నాను, నన్ను తిట్టవే" అంటూ పోయాడు. మంచం మీంచి దొడ్డి నాలుగడుగులు. ఆ నాలుగడుగుల తప్పు నెత్తిన పెట్టుకుని పోయాడు.

కుండ గోదావరిలో కలిపి, తడి చీరతోనే ఆమె మణిశంకర్ దుకాణానికి వెళ్ళింది.

"ఏంటమ్మా ఇది?"

"మా ఆయన తొడలోదండి. మీరిచ్చిందే." అయస్కాంతం అంటించి చూపించింది. "ఇలా అంటుకుంటే గిన్నెకే ఎవరూ పాత చీర కూడా ఇవ్వరు బాబుగారూ. మనిషి ఒంట్లో ఎలా పెట్టించారండి?"

మణిశంకర్ ముఖంలో ఏదో ఒకటి కదిలి మళ్ళీ సర్దుకుంది. "గిన్నెలమ్ముకునేదానివి, నాకు స్టీలు సంగతి చెబుతున్నావా? ఎక్కడ దొరికింది నీకిది? చితిలో. నిప్పులో పడి కాలితే దాని గుణం మారిపోదూ? చదువుకున్నవాళ్ళెవరినైనా అడుగు. పాపం, దుఃఖంలో ఉన్నావు. మజ్జిగ తాగి వెళ్ళు."

రోడ్డు మీదికి వచ్చాక అప్పాయమ్మకి నిజంగానే అనుమానం వచ్చింది. నిప్పుకి మారుతుందేమో. తనకేం తెలుసు? రెండడుగులు బస్టాండు వైపు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి శ్మశానానికి నడిచింది.

"పాపాయిగారూ, మీ డబ్బా ఒకసారి తియ్యండి."

"ఎందుకమ్మా?"

"అందులోవన్నీ చితిలో కాలినవేనా?"

"కాలకుండా నా డబ్బాలోకెలా వస్తాయి? ఎవరన్నా నడిచొచ్చి ఇచ్చిపోతారేంటి?"

డబ్బా బోర్లించింది. ప్లేట్లు, కడ్డీలు, మేకుల్లాంటి మరలు. ఒక్కొక్కదానికీ అయస్కాంతం చూపించింది. పందొమ్మిది అంటుకోలేదు. నిప్పులో కాలినా అంటుకోలేదు. వాటి మీద సన్నటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. పద్నాలుగు టక్కుమని అంటుకున్నాయి. వాటి మీద ఏ అక్షరమూ లేదు.

పాపాయి ఆ రెండు కుప్పల ముందు గొంతుక్కూర్చున్నాడు. "పోలీసుల కాడికి పోవమ్మా" అన్నాడు.

"ఏమని చెప్పను? ఎవరి ఒంట్లోదో, ఎవరిచ్చిందో దీని మీద రాసుందా?" అంటూ అప్పాయమ్మ ఆ పద్నాలుగింటినీ కొంగులో మూటగట్టుకుంది.

డాక్టరుగారి దగ్గరికి మాత్రం వెళ్ళింది. భాస్కరంగారు చెడ్డవారు కారు, తొందర మనిషి. విరిగిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "మణిశంకర్ ప్రతి పెట్టెకీ సర్టిఫికెట్టు ఇస్తాడమ్మా. అది నమ్మాలా, నీ రేడియో అయస్కాంతం నమ్మాలా?" అని గడియారం చూసుకున్నారు.

అప్పాయమ్మకి ఆ రోజున ఒకటి తెలిసింది. తన నోటితో వెయ్యిసార్లు చెప్పినా ఇది నిజం కాదు. మణిశంకర్ నోటితో ఒక్కసారి చెప్పించాలి. చిట్టియ్య నడవడం వల్ల కాదు, ప్లేటు వల్లే అని, వాడు డాక్టరుగారి ఎదుట అనాలి. వాడు తన ప్లేటుని తానే కాదనే రోజొకటి రావాలి. ఎముకలు లేని ఇల్లు ఉండదు. వాడి ఇంట్లోనూ ఒకనాటికి ఎవరో ఒకరు పడతారు. పడితే ఇక్కడికే తెస్తారు. ఆ రోజుకి తను ఇక్కడుండాలి.

గంప అమ్మేసి, బతుకుదెరువు లేదని డాక్టరుగారిని బతిమాలి, అదే ఆసుపత్రిలో ఆయాగా చేరింది.

నాలుగేళ్ళు ఉంది. థియేటరు కడగడం, నెత్తుటి గుడ్డలు ఉతకడం, ఆపరేషను సామాన్లు తోమి సిస్టరుకి అందించడం ఆమె పని. థియేటరు సిస్టరు శ్రీదుర్గ, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమెకి అక్షరాలు నేర్పింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో అప్పాయమ్మ అ ఆలు దిద్దింది. ఇంగ్లీషు అంకెలు కూడా కావాలంది.

"అవెందుకే నీకు?"

"ప్లేట్ల మీద ఏముందో చదవాలండి."

శ్రీదుర్గ వేలితో చూపించి చదివింది. "మూడు ఒకటి ఆరు, పక్కన ఎల్లు. ఒంట్లో పెట్టడానికి తగిన స్టీలని అర్థం. మన ఒంట్లో నెత్తురు ఉప్పు కదా, మామూలు స్టీలు ఆ ఉప్పుకి ఆగదు. ఇది ఆగుతుంది."

అప్పాయమ్మకి మరి చెప్పక్కర్లేదు. మాగాయ జాడీలో పొరపాటున వదిలేసిన నాసిరకం చెంచా ఎలా అవుతుందో ఆమెకి తెలుసు. వారానికి మచ్చలు, నెలకి గుంటలు. చిట్టియ్య తొడలో ఎనిమిది నెలలున్నది ఆ చెంచాయే.

ప్లేట్లు ఎలా వస్తాయో కూడా కనిపెట్టింది. డాక్టరుగారు ఎన్ని బెజ్జాలది కావాలో మాత్రమే చెప్పేవారు. ఎవరికి ఏది అన్నది మణిశంకర్ ఎంచేవాడు. కారులో వచ్చినవాళ్ళకి, లాయర్లకి, మేష్టర్లకి కాగితంలో చుట్టిన అక్షరాల ప్లేటు అతని సంచీలోంచి వచ్చేది. బస్సు దిగి వచ్చినవాళ్ళకి అలమారులో ఉన్న రేకుపెట్టెలోది. పెద్దవాళ్ళకి విరిగితే ఎందుకు విరిగిందని అడుగుతారు. లేనివాళ్ళకి విరిగితే తమ కాళ్ళనే తిట్టుకుంటారు.

సామాన్లు తోమేటప్పుడు ఆమె ప్రతి ప్లేటుకీ అయస్కాంతం చూపించేది. అంటుకుంటే అది రొండిలోకి పోయేది. "సింకులో జారిపోయిందండీ సిస్టరుగారూ" అనేది. అప్పుడు మణిశంకర్ విసుక్కుంటూ ఇంకొకటి పంపేవాడు, చేతికందితే ఒక్కోసారి మంచిదే వచ్చేది. ఆరోసారికి శ్రీదుర్గ ఆమెని ఎగాదిగా చూసి, "మన సింకుకి ఆకలెక్కువే అప్పాయమ్మా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. కొన్ని ఆపగలిగింది. కొన్ని ఆమె సెలవు రోజున, ఆమె చేతికి రాకుండానే లోపలికి వెళ్ళిపోయాయి. అలా వెళ్ళిన వాళ్ళ పేర్లూ ఊళ్ళూ తనకొచ్చిన వంకర అక్షరాలతో ఒక పుస్తకంలో రాసుకుంది.

మణిశంకర్ వరండాలో ఎదురైతే తప్పుకుని నిలబడేది. అతను ఆమెని గుర్తుపట్టలేదు. అది ఇంకా బాగా మండించింది. చంపినవాడికి చచ్చినవాడి పెళ్ళాం ముఖం కూడా గుర్తు లేదు.

నాలుగో ఏడు, శ్రావణ శుక్రవారం ఉదయం, మణిశంకర్ తల్లి లలితాంబ తడి గచ్చు మీద జారింది. తొడ ఎముక. ఆ సమయానికి మణిశంకర్ భార్యతో పిఠాపురం గుడికి వెళ్ళాడు. కబురంది మధ్యాహ్నానికి వచ్చాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆపరేషను అన్నారు.

"ప్లేటు నేను పొద్దున్నే తెస్తాను సార్" అన్నాడు.

అతను వెళ్ళాక భాస్కరంగారు శ్రీదుర్గతో, "ఎందుకైనా మంచిది, మన పెట్టెలోది ఎనిమిది బెజ్జాలది ఒకటి ఆవిరి పట్టించి ఉంచండి. ఆలస్యమైతే ఆగలేం" అన్నారు.

మర్నాడు ఏడింటికి అప్పాయమ్మ సింకు ముందు నిలబడింది. ఆమె చేతిలో రెండు ప్లేట్లున్నాయి. ఒకటి రేకుపెట్టెలో ఏ మూలనో దొరికిన మంచిది. రెండోది ఆకలిగొన్న సింకు మింగినది, మెరిసిపోతూ, ఎనిమిది బెజ్జాలతో, చిట్టియ్యదానికి అచ్చంగా తోబుట్టువు. రెండోదే కడిగింది. రెండోదే ఆవిరి పట్టించే డ్రమ్ములో పెట్టి శ్రీదుర్గకి అందించింది.

వాడు రాకపోతే? వచ్చినా ఏమీ అనకపోతే? ఈ ప్లేటు ఆ ముసలామె తొడలోకి వెళ్ళబోతుంటే తన చేతులు అడ్డం పడతాయా? అప్పాయమ్మ తనని తాను అడుక్కుంది. జవాబు రాలేదు. రానివ్వలేదు కూడా.

ఎనిమిదిన్నరకి లలితాంబని స్ట్రెచర్ మీద థియేటరు వరండాలోకి తెచ్చారు. నొప్పిలోనూ ఆవిడ నోరు ఊరుకోలేదు.

"ఏమే, జడ అంత గట్టిగా కడతావేంటి? ఆపరేషను తొడకా, తలకా?"

"థియేటర్లో వెంట్రుక పడకూడదండి."

"నీ పేరేంటి?"

"అప్పాయమ్మండి."

"అందరూ వణికిస్తున్నారు నన్ను. నాకేం భయమే! ఊరందరి కాళ్ళూ మావాడి ప్లేట్ల మీదే నడుస్తున్నాయి. నాకు మాత్రం వేరేది వస్తుందా?"

అప్పాయమ్మ చెయ్యి జడ మీద ఆగింది. "వేరేది రాదండి" అంది.

తొమ్మిదికి భాస్కరంగారు చేతులు కడుక్కుని వచ్చారు. అప్పుడే మెట్ల మీద పరుగున మణిశంకర్ వచ్చాడు, చేతిలో కాగితం పొట్లంతో.

"సార్, ఇదుగోండి. అమ్మకి ఇది వేయండి."

"ఇప్పుడా తెచ్చేది? దీన్ని ఆవిరి పట్టించాలంటే ముప్పావుగంట. మీ స్టాకులోదే ఒకటి రెడీగా ఉంది, అదే సైజు. పదండి సిస్టర్."

"ఏ స్టాకు సార్?"

"మీరిచ్చిందేనయ్యా, రేకుపెట్టెలోది."

మణిశంకర్ ముఖం పాలిపోయింది. "అది వద్దు సార్. ముప్పావుగంట ఆగుదాం."

"ఎందుకు? అన్నీ ఒకటే రకమని సర్టిఫికెట్టు ఇచ్చింది మీరే కదా?"

"ఒకటేననుకోండి. కానీ అమ్మకి కదా సార్…"

"అమ్మకి అయితే?" ఆ అడిగింది అప్పాయమ్మ. డ్రమ్ము రెండు చేతులతో పట్టుకుని అతని ఎదురుగా వచ్చి నిలబడింది. మూత తీసేసింది.

"అయ్యో, మూత తీసేశావేంటే! గాలి తగిలింది, ఇక అది ఎవరికీ వేయకూడదు" అని శ్రీదుర్గ అరిచింది.

"తెలుసండి" అంది అప్పాయమ్మ. ఉదయం నుంచి రాని జవాబు ఆమె చేతులే చెప్పేశాయి.

రొండిలోంచి అయస్కాంతం తీసి డ్రమ్ములోకి దించింది. టక్కుమన్న చప్పుడు వరండా అంతా వినపడింది. ప్లేటు అయస్కాంతానికి వేలాడుతూ పైకి వచ్చింది.

"ఇది చితిలో కాలలేదు బాబుగారూ. మీ పెట్టెలోంచి వచ్చి ఆవిరిలో ఉడికింది, అంతే. ఇదెందుకు అంటుకుంటోందో చెప్పండి. నేను గిన్నెలమ్ముకునేదాన్ని, నాకు తెలియదు. చదువుకున్నవారు, మీరు చెప్పండి."

అప్పుడు గుర్తుపట్టాడు మణిశంకర్. ఆ అయస్కాంతాన్ని చూసి గుర్తుపట్టాడు.

"ఏంట్రా మణీ?" స్ట్రెచర్ మీంచి లలితాంబ తల ఎత్తింది. "ఊరందరికీ వేసేది నాకు వేస్తే ఏంట్రా?"

"నువ్వు పడుకో అమ్మా."

"పడుకునే ఉన్నాను, కనపడటంలా? అడిగినదానికి చెప్పు. అది నాకు వేయొచ్చా, వేయకూడదా?"

వరండాలో రోగుల తాలూకు జనం బెంచీల మీంచి లేచి నిలబడ్డారు. భాస్కరంగారు కడిగిన చేతులు గాలిలోనే ఉంచుకుని మణిశంకర్ ముఖంలోకే చూస్తున్నారు.

"వేయకూడదమ్మా" అన్నాడు మణిశంకర్, పెదవి తడుపుకుంటూ. "ఒంట్లో… ఆగదు. తుప్పు పడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికి వేయించావురా?"

అతను మెట్ల వైపు అడుగు వేయబోయాడు. అప్పాయమ్మ వదల్లేదు. ప్లేటుని అతని ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది.

"మా ఆయన పేరు చిట్టియ్య. జంగారెడ్డిగూడెం. ఎక్కడో బరువు మోసుంటాడన్నారు మీరు. మోశాడా?"

"నాకేం తెలుసు…"

"చెప్పరా!" అంది లలితాంబ.

"మొయ్యలేదు. నడిచినందుకు కాదు. ప్లేటు… ప్లేటు వల్లే."

"డాక్టరుగారి వైపు తిరిగి చెప్పండి" అంది అప్పాయమ్మ. "ఆ రోజు ఆయన కూడా ఉన్నారు."

తిరిగి చెప్పాడు. భాస్కరంగారు తల దించుకున్నారు.

ముప్పావుగంట ఆగి, కాగితం పొట్లంలోని ప్లేటు ఆవిరి పట్టించి, లలితాంబకి అదే వేశారు. దాన్ని కడిగి అందించింది అప్పాయమ్మే. అయస్కాంతం చూపించాకే అందించింది.

ఆ మధ్యాహ్నం ఆమె తన వంకర అక్షరాల పుస్తకాన్నీ, పాపాయి డబ్బాలోని పద్నాలుగింటినీ, సింకు మింగినవాటినీ డాక్టరుగారి బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కొక్క పేరూ చదివి, కార్డులు రాసి, అందరినీ తిరిగి పిలిపించారు. కొందరు వచ్చారు. ఇద్దరి ఇళ్ళ నుంచి, ఆయన ఇక లేరని జవాబు వచ్చింది. మణిశంకర్ దుకాణానికి తాళం పడింది, కేసు నడిచింది, వాయిదాలు పడ్డాయి. వాటి కోసం అప్పాయమ్మ ఎదురుచూడలేదు. తనకి కావాల్సిన ఖైదు ఏదో ఆమెకి లలితాంబే చూపించింది.

ఆపరేషనైన మూడో రోజు పక్క మారుస్తుంటే ఆవిడ అడిగింది. "నీ మొగుడి ఒంట్లోది ఇంకా ఉందా నీ దగ్గర?"

అప్పాయమ్మ రొండిలోంచి గుడ్డ మూట విప్పి చూపించింది. విరిగిన రెండు ముక్కలు. గుంటలు పడి, ముక్క అంచు నల్లగా ఉంది.

లలితాంబ వాటిని అందుకుని, విరిగిన అంచుల్ని ఒకదానికొకటి ఆనించి చూసింది. "నాకిస్తావా?"

"మీకెందుకండి?"

"వాడు నా కడుపున పుట్టాడే. జైలు పడుతుందో లేదో నాకు తెలియదు. ఇది మా ఇంట్లో భోజనాల బల్ల మీద, వాడి కంచం ఎదురుగా పెడతాను. నేను బతికున్నన్నాళ్ళూ అక్కడే ఉంటుంది. తియ్యమను చూద్దాం."

అప్పాయమ్మ వెంటనే ఇవ్వలేదు. చిట్టియ్యది అని ఆమెకి మిగిలింది అదొక్కటే. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు గుడ్డతో సహా తెచ్చి ఆవిడ దిండు కింద పెట్టింది. "మీ తర్వాత తిరిగి నాకే రావాలండి" అంది.

"రాసిస్తాను. చదువొచ్చుగా నీకు" అంది లలితాంబ.

ఇంటికి వెళ్ళే రోజున మణిశంకర్ వచ్చాడు. చేతికి ఉంగరాలు లేవు. తల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ సంచీ భుజాన వేసుకున్నాడు. చీరలు, మందులు, వాటి కింద గుడ్డ మూట. అందులో ఏముందో అతనికి తల్లి చెప్పే ఉంచింది. కుర్చీని వార్డుబాయిలు కారు దగ్గరికి దింపాక, సంచీని ఒంటికి తగలకుండా చేతితో దూరంగా పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

అప్పాయమ్మ చేతిలో చీపురుతో మెట్ల పక్కన నిలబడి ఉంది. ఈసారి తప్పుకోలేదు.

"బరువుగా ఉందా బాబుగారూ?" అని అడిగింది.

అతను సంచీని భుజం మీదికి సర్దుకుని, తలెత్తకుండా కిందికి దిగాడు.